పెద్ద ముక్క ముందు తిన్న పెళ్ళికొడుకు

మా మాత్సుయే ఊళ్ళో ఎవరిని కదిపినా ఈ కథ చెబుతారు. తజు పంతులమ్మ బంగారంలాంటి పెళ్ళికొడుకుని ఒక్క మిఠాయి ముక్క కోసం గుమ్మం దాటించేసిందట. చేపల బజారులో చెప్పే ప్రకారం, ఆ అబ్బాయి మిఠాయిని మూడు ముక్కలు కోసి పెద్ద ముక్క ముందు తిన్నాడట. అంతే, పంతులమ్మ తేనీటి గిన్నె కింద పెట్టి "ఈ సంబంధం కుదరదు" అందట. మంగలి షాపులో చెప్పే ప్రకారం ఆ ముక్క పిడికిలంత ఉందట. ఊరి స్నానాలగదిలో ఆడవాళ్ళ వైపు చెప్పే ప్రకారం, పంతులమ్మ అతని నోట్లోంచి ముక్క లాగేసిందట. మగవాళ్ళ వైపు ఏం చెబుతారో నాకు తెలియదు. గోడ అవతల నుంచి నవ్వులు మాత్రం వినిపిస్తాయి.

నేను ఎవరినీ సరిదిద్దలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. పైగా ఆ కథలో పెళ్ళికూతురిని నేనే.

పంతులమ్మకి ఒకటే పిచ్చి. మనిషి మిఠాయి ఎలా తింటాడో చూసి ఆ మనిషి ఎలాంటివాడో చెప్పేస్తుంది. ఇంటిపేరు అడగదు, ఉద్యోగం అడగదు, ముఖం సరిగ్గా చూడను కూడా చూడదు. ఊళ్ళో సగంమందికి తేనీటి మర్యాదలు నేర్పింది గానీ, అందులో ఒక్కరి పేరు కూడా ఆవిడకి గుర్తుండదు. పళ్ళ డాక్టరు "నమలకుండా మింగే ఆయన". పోస్టుమాన్ "గిన్నెలో వెతికే అబ్బాయి". కోట పక్క బట్టల దుకాణం ఆవిడ "ఒడి దులుపుకునే ఆవిడ". నిజానికి ఆవిడ దులుపుకునేది కిమోనో మీద రాలిన మిఠాయి పొడి. కాగితం చేతిలో పట్టుకుని దానిమీద తినాల్సింది పోయి, ఒళ్ళో రాల్చుకుని, ఎవరూ చూడలేదనుకుని చాప మీదికి దులిపేసిందన్నమాట. అదీ ఎప్పుడో యుద్ధానికి ముందు. పంతులమ్మ దృష్టిలో ఆవిడ ఇంకా దులుపుకుంటూనే ఉంది.

ఒకసారి ఎదురింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పంతులమ్మ గారూ, విన్నారా? కొండ కింది గుడి స్వామివారు పోయారట!"

"ఏ స్వామి?"

"అదేనండీ, లావుగా ఉంటారు, గొంతు పెద్దది, ఎడమ కాలు కాస్త ఈడుస్తారు..."

"లావూ గొంతూ కాలూ నాకేం తెలుస్తాయమ్మా! మిఠాయి ఎలా తినేవాడో చెప్పు."

ఎదురింటావిడ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "తిన్నాక మిఠాయి కోసే పుల్ల నాకేవారు."

"అయ్యయ్యో! ఆ మహానుభావుడా!" పంతులమ్మ అక్కడే చతికిలబడింది. "ఎంత బాగా నాకేవాడు! పుల్ల కడగక్కర్లేకుండా ఉండేది. ఎన్నిసార్లు తిట్టానో పాపం!" అని నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

పళ్ళ డాక్టరుతో అయితే పెద్ద గొడవే. పంతులమ్మకి దవడ వాచింది. డాక్టరు అద్దం, పట్టకారు పట్టుకుని "నోరు తెరవండి" అన్నాడు. ఆవిడ తెరవలేదు. వాచిన దవడతోనే గొణిగింది. "నువ్వు పళ్ళ డాక్టరువై ఉండి మిఠాయి నమలకుండా మింగుతావు. పళ్ళంటే గౌరవం లేనివాడికి నా పళ్ళు చూపించను." అని కుర్చీ దిగి, రైలెక్కి పక్క ఊరు వెళ్ళి అక్కడ పన్ను పీకించుకుని వచ్చింది. ఆ డాక్టరు ఆ రోజు నుంచీ పాఠానికి వస్తే మిఠాయిని ఆవులా నెమరేస్తాడు. తేనీరు చల్లారిపోతున్నా వదలడు. అయినా పేరు మాత్రం మారలేదు.

మా పిన్ని వాళ్ళింట్లో రంగుల టీవీ వచ్చిన కొత్తలో పంతులమ్మ కత్తియుద్ధాల సీరియల్ చూడ్డానికి వచ్చేది. కథ మొదలై ఇంకా పేర్లు కూడా పూర్తిగా పడలేదు, టీ అంగట్లో ఒక పెద్దమనిషి ఉండ్రాయి కొరికాడు.

"వీడే హంతకుడు," అంది పంతులమ్మ.

"వీడా! వీడు జడ్జీగారండీ," అన్నాడు బాబాయి.

"పుల్లకి గుచ్చిన ఉండ్రాయిని పక్కవాణ్ణి చూస్తూ కొరికాడు. వీడే."

చివరికి జడ్జీయే హంతకుడని తేలింది. బాబాయి ఆ తర్వాత పంతులమ్మ ఉన్నప్పుడు టీవీ ముందు ఏమీ తినడం మానేశాడు.

ఊరందరి పేర్లలోకీ ఆవిడ ప్రేమగా పలికే పేరు ఒకటుంది. "సగం దాచేవాడు." అది ఆవిడ భర్త పేరు. ఆయన పోయి చాలా కాలమైంది. గోడ మీద ఫొటోలో బడి మాష్టారి కళ్ళజోడుతో నవ్వుతూ ఉంటాడు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే చోట తేనీటి పాఠానికి వెళ్ళేవారట. తినలేని మిఠాయిని కాగితంలో చుట్టి కిమోనో చేతిలో వేసుకోవడం తప్పు కాదు. గిన్నెలో వదిలేయడమే తప్పు. కిమోనో చెయ్యి ఎలాగూ సంచిలా వేలాడుతూ ఉంటుంది. ఆయన రోజూ సగం తిని, సగం ఆ చేతిలోకి జారవిడిచి, ఇంటి దారిలో అగడ్త వంతెన మీద ఆ సగం ఈవిడ చేతిలో పెట్టేవాడట.

"నలిగిపోయి, ఒంటి వేడికి మెత్తబడి, చూడ్డానికి పేడముద్దలా ఉండేదే," అని చెప్పేది పంతులమ్మ. "అంత మంచి మిఠాయి మళ్ళీ తినలేదు."

అందుకే కాబోలు, తినేవాళ్ళని చూసి తిట్టే ఆ మనిషి, మిఠాయిని చేతిలో దాచుకునేవాళ్ళని మాత్రం ఎప్పుడూ ఏమీ అనేది కాదు. పాఠం అయిపోయాక పిలిచి, "ఏమైంది, కడుపునొప్పా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అని మెల్లిగా అడిగేది. తినకుండా దాచుకున్న మిఠాయి వెనక ఏదో ఒకటి ఉంటుందని ఆవిడ నమ్మకం.

నేను ఆవిడ కంట పడింది గుల్లల బుట్టతో. నాన్న మంచాన పడ్డాక హైస్కూలు మొదటి ఏడాదిలోనే బడి మానేశాను. నాన్నా నేనూ పిన్ని ఇంటికి వచ్చేశాం. షింజి సరస్సులో పట్టిన, పులుసు పెట్టుకునే చిన్న నల్లగుల్లలు అమ్మే దుకాణం పిన్నిది. నేను గుల్లలు కడిగి, ఇసుక పోయేదాకా నీళ్ళలో వేసి ఉంచి, ఇళ్ళకి చేరవేసేదాన్ని. పిన్ని పేరు యసుయో. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న పడవవాళ్ళతో ఇవతలి నుంచే బేరం చేయగల గొంతు. ఆ గొంతులో నా వాటా కూడా ఆవిడకే పోయిందని నాన్న నవ్వేవాడు.

మొదటి రోజు బుట్ట వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోబోతుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"గుల్లల పిల్లా, చేతులు కడుక్కున్నావా?"

"ఆఁ."

"అయితే వచ్చి కూర్చో. ఒక మనిషి తక్కువైంది."

తక్కువైన మనిషి స్థానంలో నన్ను చివర కూర్చోబెట్టారు. మిఠాయి గిన్నె వరసగా వస్తోంది. ఒక్కొక్కరూ పక్కవాళ్ళ వైపు తిరిగి, "మీకంటే ముందు తీసుకుంటున్నాను" అని వంగుతున్నారు. నా పక్కన చివర ఎవరూ లేరు. ఏం చేయాలో తెలియక గోడకి వంగి దండం పెట్టాను. గిన్నె మీది జంట పుల్లలతో మిఠాయి పట్టుకోబోతే అది జారి, చాప మీద దొర్లి, గట్టు దాటి, అలంకరణ గూట్లో పెట్టిన పూలకుండీ దగ్గరికి వెళ్ళి ఆగింది. నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి, దాన్ని తెచ్చి, కాగితం మీద పెట్టుకుని తినేశాను. లోపల చిక్కుడుగింజల పూర్ణం. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. కాగితం మీద రాలిన పొడి కూడా పుల్లతో అద్దుకుని తిన్నాను.

పంతులమ్మ నా కాగితం వైపే చూస్తోంది.

"పారిపోయిన మిఠాయిని పట్టుకొచ్చి పొడి కూడా మిగల్చలేదు," అంది చివరికి. "వచ్చే గురువారం కూడా రా."

అలా నాకు పేరొచ్చింది. "పొడి కూడా మిగల్చని పిల్ల." గురువారాలు గుల్లలు ఇచ్చి, పాఠంలో కూర్చుని, గిన్నెలు కడిగి వచ్చేదాన్ని. నోరు విప్పక్కర్లేని చోటు అది. మిఠాయి తినేటప్పుడు ఎలాగూ ఎవరూ మాట్లాడరు. నేను అందరి చేతులూ చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరు పుల్ల నిలువుగా గుచ్చుతారో, ఎవరు ముక్కని కాగితం అంచుకి తోస్తారో, కొన్నాళ్ళకి నాకూ తెలిసిపోయింది.

ఇంతలో సంబంధం వచ్చింది. కదోవాకి సేయిజి అని, కరెంటాఫీసులో ఉద్యోగం, హిరోషిమాకి బదిలీ అయింది. వెళ్ళేలోపు పెళ్ళి చేసేయాలని వాళ్ళమ్మ తొందర. ఫొటో చూశాను. మంచి ముఖం. పిన్ని ఆ ఫొటోని గుల్లలు తూచే త్రాసు పక్కనే నిలబెట్టింది. గుల్లలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ చూసి మెచ్చుకున్నారు.

"చెప్పవే షినోబూ. అబ్బాయిలో ఏమైనా లోపముందా?"

"లేదు పిన్నీ."

"ఇంటి దగ్గర మీ నాన్న సంగతా? నేను చూసుకుంటానని చెప్పానుగా. మీ అమ్మ పోయేటప్పుడు మాటిచ్చాను, నిన్నో ఇంటిదాన్ని చేస్తానని."

"తెలుసు పిన్నీ."

"ఉద్యోగం?"

"మంచిది."

"ముఖం?"

"బాగుంది."

"మరి ఆ ఏడుపు ముఖమేంటే!"

ఏం చెప్పను? ఆయనలో ఏ లోపమూ లేదు, అదే నా కష్టం. పొద్దున్నే గుల్లలు, సాయంత్రం నాన్న పక్కన రేడియో, గురువారం పంతులమ్మ చాప. చిన్న బతుకే. కానీ ఇది నాది అని అప్పుడప్పుడే అనిపించడం మొదలైంది. ఇష్టం లేదనడానికి ఒక కారణం కావాలి, నా దగ్గర లేదు. కారణం లేని "వద్దు"ని మా పిన్నిలాంటి ప్రేమగల మనిషి ముందు పెట్టడం ఎలాగో నాకు తెలియలేదు.

పెళ్ళిచూపులు తేనీటి గదిలో అయితే మర్యాదగా ఉంటుందని పిన్ని పంతులమ్మని అడగడానికి వెళ్ళింది. నేను వెనకే నిలబడ్డాను.

"అబ్బాయి మిఠాయి ఎలా తింటాడు?" అంది పంతులమ్మ వెంటనే.

"నోటితోనే తింటాడండీ!"

"అది నేను చూస్తాను," అంది పంతులమ్మ. తర్వాత ఒక్కసారి నావైపు చూసింది. ఆ రోజు నా చేతిలో మిఠాయి లేదు కాబట్టి ఆవిడకి ఏమీ కనిపించి ఉండదు అనుకున్నాను.

ఆ రోజు వాన. మా ఊళ్ళో వాన లేని రోజు చెప్పుకోవాలి గానీ ఉన్న రోజు చెప్పుకోవడమెందుకు. అయినా ఆ రోజు చూరు నీళ్ళ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ముందు కదోవాకి అమ్మగారు కూర్చున్నారు. ఆవిడా తేనీటి మర్యాదలు బాగా నేర్చిన మనిషి, వెన్ను కర్రలా నిలబెట్టింది. తర్వాత సేయిజి గారు, ఆయన పక్కన నేను, చివర పిన్ని. నాకు పిన్ని పెళ్ళినాటి కిమోనో కట్టారు. పిన్ని ఒళ్ళు నాకు లేదు కాబట్టి వెనక తువ్వాళ్ళు కుక్కారు.

మిఠాయి గిన్నె వచ్చింది. వానాకాలం పువ్వు ఆకారంలో, పైన నీలం, ఊదా రంగు జెల్లీ ముక్కలు మెరుస్తున్నాయి. కదోవాకి అమ్మగారు తీసుకున్నారు. సేయిజి గారు నావైపు తిరిగి వంగి, "మీకంటే ముందు తీసుకుంటున్నాను" అన్నారు. గొంతు కూడా మంచిదే. నాకింకా దిగులేసింది. ఆయన పుల్లల కొనలు కాగితం మూలకి తుడిచి గిన్నె మీద పెట్టి, నావైపు జరిపారు. ఆ తర్వాత తన కాగితం చేతిలోకి తీసుకుని మిఠాయి కోశారు. నేను ఎప్పటిలాగే చేతులు చూస్తూ కూర్చున్నాను.

నా వంతు తీసుకున్నాను. కాగితం మీద పెట్టుకున్నాను. కోశాను. పుల్ల నోటిదాకా వెళ్ళింది గానీ నోరు తెరుచుకోలేదు. ఈ ముక్క మింగితే హిరోషిమా కూడా మింగినట్టే అనిపించింది. పిన్ని పక్కనుంచి కళ్ళతోనే "తిను, తిను" అంటోంది. పిన్ని మిఠాయి కోసం అటు తిరిగిన క్షణంలో, ముక్కల్ని కాగితంలో చుట్టి, కిమోనో చేతిలోకి జారవిడిచాను.

పంతులమ్మ అప్పుడు తేనీరు చిలుకుతోంది. వెదురు కవ్వం చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది.

అందరూ తేనీరు తాగారు. గిన్నెలు తిరిగి వెళ్ళాయి. పిన్ని సంతోషంగా గొంతు సవరించుకుంది. అప్పుడు పంతులమ్మ రెండు చేతులూ చాప మీద ఆనించి చెప్పింది.

"ఈ సంబంధం కుదరదు."

"ఏమన్నారు?" అన్నారు కదోవాకి అమ్మగారు.

"మీ అబ్బాయి మిఠాయి మూడు ముక్కలు కోశాడు. పెద్ద ముక్క ముందు తిన్నాడు."

"అయితే?"

"పెద్ద ముక్క ముందు తినేవాడికి చివరికి చిన్న ముక్క మిగులుతుంది. కాపురమూ అంతే. మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తర్వాత తరుగుతూ వస్తుంది."

"ఇదెక్కడి శాస్త్రమండీ!"

"నాదే. ఇంకెవరి దగ్గరా దొరకదు."

పిన్ని మోకాళ్ళ మీదే ముందుకొచ్చింది. "పంతులమ్మ గారూ, మీకు పుణ్యముంటుంది, ముక్క సంగతి వదిలెయ్యండి! మా ఆయన మిఠాయి కొయ్యనే కొయ్యడు, ఒక్కసారిగా నోట్లో వేసుకుంటాడు. నేను కాపురం చేయడంలేదా?"

"చేస్తున్నావు. అందుకే ఇంత గట్టిగా అరుస్తున్నావు."

కదోవాకి అమ్మగారి ముఖం ఎర్రబడింది. "మా వాడి చేతికి తప్పు పట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు! నా చేతులతో నేర్పించాను!"

ఇంతలో సేయిజి గారు కదిలారు. ఆయన చూపు ఒక్కసారి నా కిమోనో చేతి మీద పడి పక్కకి వెళ్ళింది. చాప మీద చేతులు ఆనించి వంగారు.

"పంతులమ్మ గారు అన్నది నిజమే. మొదటి ముక్క పెద్దదైంది. క్షమించాలి."

"సేయిజీ!"

"చిన్నప్పటి నుంచీ నాకదే అలవాటమ్మా."

"ఎప్పుడురా! నేనెప్పుడూ చూళ్ళేదే!"

"నువ్వు పక్కకి తిరిగినప్పుడు."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ నాకు కూడా వంగి నమస్కారం పెట్టారు. నేను ఇంకా లోతుగా వంగాను. వెనక కుక్కిన తువ్వాలు ఒకటి జారి కింద పడింది. ఆయన చూడనట్టే గొడుగు విప్పుకున్నారు.

పిన్ని నన్ను లాక్కుపోబోయింది. పంతులమ్మ అడ్డుపడింది. "దాన్ని ఉంచు. గిన్నెలు కడగాలి."

"సంబంధం కడిగేశారుగా, ఇంకా గిన్నెలెందుకు!" అని వీధి చివరి దాకా అరుచుకుంటూ వెళ్ళిపోయింది పిన్ని.

వెనక గదిలో కుళాయి దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"చెయ్యి చాపు," అంది పంతులమ్మ.

చాపాను.

"అది కాదే. కిమోనో చెయ్యి."

కాగితం పొట్లం తీసి ఇచ్చాను. ఆవిడ విప్పింది. నీలం పువ్వు కాగితానికి అతుక్కుపోయి, జెల్లీ ముక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"పొడి కూడా మిగల్చని పిల్లవి నువ్వు," అంది. "నా గూట్లోకి దొర్లిన మిఠాయిని కూడా తిన్నావు."

"ఆయన మంచివాడండీ," అన్నాను. నోరు ఎలా తెరుచుకుందో నాకే తెలియదు. "ఆయనలో ఏమీ లేదు. నా దగ్గర కారణం లేదు."

"మంచివాడే. నాకు కళ్ళు లేవా? కారణం నీకెందుకే? నా దగ్గర బోలెడున్నాయి. ఒకటి ఇచ్చాను, అంతే కదా."

"ఊళ్ళో మిమ్మల్ని ఏమంటారో!"

"పిచ్చిదంటారు. ఇప్పుడేమంటున్నారు?"

ఆవిడ ఆ ముద్దని వేళ్ళతో రెండుగా చీల్చి ఒకటి నాకిచ్చింది. నేను అలవాటుగా కాగితం కోసం చూశాను.

"కుళాయి దగ్గర కాగితమేంటే. తిను."

అంటూ తన సగం నిలబడే, పుల్ల లేకుండా, వేళ్ళతోనే నోట్లో వేసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ నాకింది. ఊరందరికీ మర్యాదలు నేర్పిన మనిషి! గోడ మీద ఫొటోలో మాష్టారు నవ్వుతూనే ఉన్నాడు.

"పేడముద్దలా ఉంది," అంది తృప్తిగా. "బాగుంది. ఇది గానీ ఎవరికైనా చెప్పావో, నీ పేరు మార్చేస్తాను."

ఇక ఊరు తన పని తాను చేసింది. రెండిళ్ళ మీదా ఒక్క మాట పడలేదు. సేయిజి గారిని చూసి పాపం అనని ఆడపిల్ల తల్లి లేదు. ఒక ముక్క పేరు చెప్పి అంత మంచి కుర్రాణ్ణి అవమానిస్తారా అని, మందుల షాపు వాళ్ళు పరుగున వెళ్ళి పిల్లనిచ్చారు. ఆకులు ఎర్రబడే వేళకి ఆయన పెళ్ళి చేసుకుని హిరోషిమా వెళ్ళిపోయారు. నన్ను చూసి కూడా పాపం అన్నారు. ఆ పంతులమ్మ ఎదురుగా మిఠాయి తినే ధైర్యం ఎవడికుంటుంది, ఈ పిల్లకి ఇప్పట్లో సంబంధాలు రావు అన్నారు. నిజంగానే రాలేదు. నా గురువారాలు నాకు మిగిలాయి. తిట్లన్నీ మాత్రం పంతులమ్మ ఒక్కదాని మీద పడ్డాయి. ఇద్దరు శిష్యులు మానేశారు. బట్టల దుకాణం ఆవిడ ఎదురైతే ముఖం తిప్పుకుంది. పంతులమ్మ మాత్రం, "ఒడి దులుపుకునే ఆవిడ ఇవాళ నన్ను చూడకుండా కూడా దులుపుకుంటూనే వెళ్ళింది," అని వచ్చి చెప్పింది.

పిన్ని కోపం వేరే దారిలో తీర్చుకుంది. "పెద్ద ముక్క తింటే తప్పటగా! ఆవిడ బుట్టలో చిన్న గుల్లలే వెయ్యి!" అంది. ఆ వానాకాలమంతా పంతులమ్మ గురిగింజంత గుల్లలతో పులుసు తాగింది. ఒక్కమాట అనలేదు. చలికాలం వచ్చాక ఒకరోజు పిన్ని తనే బుట్టలో పెద్దవి కూడా కలిపింది. "దగ్గుతోందట కదా, పులుసు చిక్కగా ఉండాలి," అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

మొన్న వేసవిలో పెద్దల పండుగకి ఊరొచ్చినవాళ్ళతో బజారు కిటకిటలాడుతోంది. పంతులమ్మ ఇప్పుడు బాగా ముసలిదైపోయింది. మా దుకాణంలో స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ ఉంటుంది. ఒక జంట గుల్లలు కొనడానికి ఆగారు. ఆవిడ చంకలో పాప. ఆయన నన్ను చూసి కాస్త వంగారు. నేనూ వంగాను.

"మళ్ళీ మన పెద్ద ముక్క ఊరికి వచ్చాం," అంది ఆవిడ నవ్వుతూ. "మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నిజంగా పెద్ద ముక్క ముందు తిన్నారా?"

"తిన్నాను. నాదే తప్పు," అన్నారు ఆయన, గుల్లల వైపు చూస్తూ.

పిన్ని లోపల నుంచి వచ్చి ఆ పొట్లంలో దోసిలెడు గుల్లలు ఎక్కువ వేసింది. వాళ్ళు జనంలో కలిసిపోయారు.

పంతులమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "ఎవరే ఆయన? ఎక్కడో చూసినట్టుంది."

"కదోవాకి గారండీ. కరెంటాఫీసు."

"పేరూ ఆఫీసూ నాకేం తెలుస్తాయే! మిఠాయి ఎలా తిన్నాడో చెప్పు."

చుట్టూ చూశాను. పిన్ని మళ్ళీ లోపలికి వెళ్ళింది. అయినా ఈసారి గొంతు తగ్గించలేదు.

"మూడు ముక్కలు కోశారు పంతులమ్మ గారూ. పక్కనే కూర్చుని చూశాను. మూడూ సమానం."